విశాఖ ‘విక్టరీ అట్ సీ’ స్మారకం అసలు కథ: మన షార్ట్ వీడియోలో నేను చెప్పిన తప్పు

ఈ ఎపిసోడ్ ఒక సారీతో మొదలుపెడుతున్నాను.

కొన్ని నెలల కింద విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఆర్.కె. బీచ్ దగ్గర ఒక షార్ట్ వీడియో చేశాను, గుర్తుందా? ఐఎన్ఎస్ కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం ముందు నిలబడి, ‘1971లో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేసింది ఇదే’ అని చెప్పాను. పక్కనే ఉన్న ‘విక్టరీ అట్ సీ’ యుద్ధ స్మారకాన్ని చూపించి, వెనక మ్యూజిక్ వేసి, జై హింద్ అని ముగించాను. మన చానల్లో బాగా పోయిన షార్ట్‌లలో అదొకటి. మా అమ్మ కూడా తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంది.

అందులో మెయిన్ పాయింటే తప్పు. ఘాజీని కుర్సురా ముంచలేదు. ఆ యుద్ధం టైంలో కుర్సురా విశాఖ వైపు లేనే లేదు, దేశానికి అటు పక్క, అరేబియా సముద్రం డ్యూటీలో ఉంది.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, జమ్మలమడుగు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఆయన మాజీ నేవీ. తొంభైల్లో విశాఖలో పనిచేశారు. పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను. కోప్పడతారేమో అనుకున్నా. కోప్పడలేదు. ‘నాయనా, వీడియో బాగుంది. గెలిచినామని చెప్పు, తప్పులేదు. ఎట్ల గెలిచినామో మాత్రం సినిమా చూసి చెప్పాకు’ అన్నారు. ఆ ఒక్క మాటతో నా షార్ట్ మొత్తం నా కళ్ళ ముందు కూలిపోయింది. ఎందుకంటే నేను నిజంగానే సినిమా చూసి చెప్పాను.

సో, ఈ రోజు ఆ స్మారకం కథ మొదటి నుంచి చెప్తాను. దేనికి కట్టారు, ఆ రాత్రి ఏం జరిగింది, ఏది ఖాయంగా తెలుసు, ఏది ఇప్పటికీ వాదనలో ఉంది, అన్నీ.

సముద్రం లేని మనకి ఈ కథ ఎందుకు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి చూస్తున్న మనవాళ్ళు అడగొచ్చు, ‘అన్నా, మనకి పెన్నా నదే ఎండిపోతా ఉంటుంది, మనకెందుకు నేవీ కథ’ అని. రెండు కారణాలున్నాయి.

మొదటిది, విశాఖ మనకి అంత దూరమేం కాదు. కడప నుంచి నేరుగా తిరుమల ఎక్స్‌ప్రెస్ ఉంది. చదువుకని, ఉద్యోగమని, పరీక్షలని మనవాళ్ళు ఆ ట్రైన్ ఎక్కుతూనే ఉంటారు. విశాఖ దిగిన ప్రతి ఒక్కడూ ఆర్.కె. బీచ్‌కి పోతాడు, అక్కడ సెల్ఫీ దిగుతాడు. ఆ సెల్ఫీ వెనకాల ఉన్నదేంటో తెలిస్తే మంచిదే కదా.

రెండోది ఇంకా ముఖ్యం. యుద్ధంలో పోయినవాళ్ళకి గుర్తు పెట్టడం మనకి కొత్త కాదు. మన సీమ పల్లెల్లో ఊరి బయట, గుడి పక్కన, చింతచెట్టు కింద, చేతిలో కత్తి పట్టుకున్న మనిషి బొమ్మ చెక్కిన రాళ్ళు కనిపిస్తాయి. వాటిని వీరగల్లులు అంటారు. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చిపోయినవాడికి, యుద్ధంలో పడిపోయినవాడికి అలాంటి రాయి నిలబెట్టేవాళ్ళు. తెలుగులో మనకి దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటైన కలమళ్ళ శాసనం ఉన్నది కూడా మన ఎర్రగుంట్ల పక్కనే. రాయి మీద రాసి గుర్తు పెట్టుకునే అలవాటు మన నేలకి ఎంత పాతదో దాన్నిబట్టి అర్థం చేసుకోండి.

వీరగల్లు మీద ఒక మనిషి ఉంటాడు. విశాఖ స్మారకానికి మాత్రం మనిషి పేరు లేదు, ‘విక్టరీ అట్ సీ’ అన్నారు. అంటే సముద్రం మీద విజయం. ఈ తేడా మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

ఆ స్మారకం ఏంటి?

1971లో భారత్, పాకిస్తాన్ యుద్ధం జరిగింది. ఆ యుద్ధం చివర్లోనే బంగ్లాదేశ్ పుట్టింది. అందులో మన తూర్పు నౌకాదళం సాధించిన విజయానికి గుర్తుగా 1996లో విశాఖ బీచ్ రోడ్డు మీద ఈ స్మారకం కట్టారు. అంటే యుద్ధం అయిన పాతికేళ్ళకి.

తూర్పు నౌకాదళం, అదే ఈస్టర్న్ నేవల్ కమాండ్, హెడ్‌క్వార్టర్స్ విశాఖే. 1968లో ఈ కమాండ్ ఏర్పడింది. అంటే 1971 యుద్ధం వచ్చేసరికి దానికి మూడేళ్ళే. మన భాషలో చెప్పాలంటే, ఇంకా కొత్త టీం. దానికే పెద్ద ప్రాజెక్ట్ వచ్చి పడింది.

విశాఖకి యుద్ధం అంతకుముందు తెలియనిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అంటే 1971లో అరవై దాటిన విశాఖవాసికి తలమీద బాంబు పడటం అంటే ఏంటో గుర్తుండే ఉంటుంది.

1971: మ్యాప్ ఒకసారి చూద్దాం

ఇప్పుడు ఫోన్లో మ్యాప్ ఓపెన్ చేయండి. అప్పట్లో పాకిస్తాన్ రెండు ముక్కలు. పడమర ఇప్పటి పాకిస్తాన్, తూర్పున ఇప్పటి బంగ్లాదేశ్. మధ్యలో మొత్తం ఇండియా. తూర్పు పాకిస్తాన్‌లో ఉన్న సైన్యానికి సరుకు, మనుషులు రావాలంటే సముద్రమే దారి. ఆ దారిని మూసేస్తే అక్కడి సైన్యం ఒంటరైపోతుంది.

మూసేయగలిగిన పెద్ద ఆయుధం మన దగ్గర ఒకటే ఉంది, ఐఎన్ఎస్ విక్రాంత్. విమానాలు ఎగరడానికి, దిగడానికి వీలున్న ఓడ. 1961లో నేవీలో చేరింది. 1971కి దాని బాయిలర్‌లో పగులు వచ్చి ఫుల్ స్పీడ్‌తో పోలేని పరిస్థితి. అయినా దాన్ని తూర్పు వైపే దింపారు.

పాకిస్తాన్ లెక్క కూడా సింపుల్. విక్రాంత్‌ని ముంచేస్తే బంగాళాఖాతం దారి తెరుచుకుంటుంది. కానీ కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి రావాలి. వేల కిలోమీటర్లు. అంత దూరం వచ్చి పనిచేయగల సబ్‌మెరైన్ పాకిస్తాన్ దగ్గర ఒకటే ఉంది, పీఎన్ఎస్ ఘాజీ.

ఘాజీ పుట్టుక అమెరికాలో. దాని అసలు పేరు యూఎస్ఎస్ డయాబ్లో. 1944 చివర్లో నీళ్ళలోకి దింపారు. 1964లో పాకిస్తాన్ నేవీకి వెళ్ళింది, వాళ్ళ మొదటి సబ్‌మెరైన్ అదే. 1971 నవంబర్ 14న కరాచీ నుంచి బయల్దేరింది. పని రెండు. ఒకటి విక్రాంత్‌ని పట్టుకోవడం. రెండు, మన రేవు దారిలో మైన్లు వేయడం. మైన్ అంటే మన క్వారీల్లో మందు పెడతారే, అలాంటిదే, కాకపోతే నీళ్ళలో ఉంటుంది. ఓడ దాని దగ్గరికి వస్తే పేలుతుంది.

విక్రాంత్ లేదు, కానీ ఉన్నట్టు నటించారు

అప్పుడు తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఘాజీ విక్రాంత్ కోసం వెతుకుతూ వస్తుందని ఆయనకి అంచనా ఉంది. అందుకే విక్రాంత్‌ని విశాఖలో ఉంచలేదు. దూరంగా అండమాన్ వైపు పంపించి దాచారు.

కానీ శత్రువుకి మాత్రం విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నట్టు అనిపించాలి. దానికి ఐఎన్ఎస్ రాజ్‌పుత్‌ని వాడారు. రాజ్‌పుత్ రెండో ప్రపంచ యుద్ధం నాటి ముసలి డిస్ట్రాయర్. బ్రిటిష్ నేవీలో పనిచేసి మన దగ్గరికి వచ్చింది, రిటైర్మెంట్‌కి దగ్గర పడిన ఓడ. అది సముద్రంలోకి పోయి, విక్రాంత్ పంపినట్టుగా వైర్‌లెస్ మెసేజ్‌లు పంపింది. ఒడ్డున విశాఖలో పెద్ద ఓడకి సరిపడా రేషన్ ఆర్డర్లు పెట్టారు. ఊళ్ళో మాట బయటికి పోతుంది కదా, పోవాలనే పెట్టారు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. దీన్ని హనీపాట్ అంటాం. హ్యాకర్ కోసం ఒక డమ్మీ సర్వర్ పెట్టి, అసలు డేటా వేరే చోట దాస్తాం. హ్యాకర్ డమ్మీ చుట్టూ తిరుగుతుంటాడు. ఇక్కడ డమ్మీ రాజ్‌పుత్, అసలు డేటా విక్రాంత్. తేడా ఒక్కటే. మా డమ్మీ సర్వర్‌లో మనుషులు ఉండరు. రాజ్‌పుత్‌లో ఉన్నారు. సబ్‌మెరైన్ కొడితే ముందు మునిగేది వాళ్ళే. ఆ సంగతి తెలిసే వాళ్ళు సముద్రంలోకి వెళ్ళారు.

డిసెంబర్ 3 రాత్రి

1971 డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పడమర సరిహద్దులో మన ఎయిర్‌ఫీల్డ్‌ల మీద దాడి చేశాయి. దాంతో యుద్ధం అధికారికంగా మొదలైంది. అదే రాత్రి, అర్ధరాత్రికి కాస్త ముందు, రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి బయటికి వచ్చింది. కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్.

విశాఖ రేవు చూసినవాళ్ళకి తెలుసు, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి చానల్ ఉంటుంది. ఓడ అందులోంచే రావాలి, పక్కకి తిరగడానికి లేదు. సబ్‌మెరైన్ బయట కాచుకుని ఉంటే ఇంతకంటే ఈజీ టార్గెట్ దొరకదు. కెప్టెన్‌కి అదే అనుమానం. చానల్ దాటాక స్పీడ్ పెంచారు. ముందు నీళ్ళలో ఏదో కదలిక కనిపించింది. సబ్‌మెరైన్ కిందికి మునుగుతున్నప్పుడు వచ్చే సుడిలా ఉందనుకుని రెండు డెప్త్ చార్జ్‌లు వదిలారు.

డెప్త్ చార్జ్ అంటే మందు నింపిన డ్రమ్ము. లోతు పెరిగే కొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది కదా, ఆ ఒత్తిడిని బట్టి ముందే సెట్ చేసిన లోతులో పేలుతుంది. సబ్‌మెరైన్‌కి నేరుగా తగలక్కర్లేదు. దగ్గర్లో పేలితే చాలు, నీటి దెబ్బకే దాని బాడీ పగులుతుంది.

అర్ధరాత్రి దాటిన కాసేపటికి సముద్రంలో భారీ పేలుడు వినిపించింది. బీచ్ వైపు ఇళ్ళ కిటికీలు అదిరాయి. తెల్లారాక మత్స్యకారులకి నీళ్ళ మీద శిథిలాలు, లైఫ్ జాకెట్ లాంటివి దొరికాయి. నేవీ డైవర్లు దిగి చూశారు. అడుగున ఉన్నది ఘాజీ. ముందు భాగం బాగా ఛిద్రమై ఉంది. లోపల ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

డిసెంబర్ 4 నుంచి విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడులు మొదలుపెట్టాయి. బంగాళాఖాతం దారి మూసుకుపోయింది. డిసెంబర్ 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. విశాఖ స్మారకంలో ‘విక్టరీ’ అన్న మాట వెనక ఉన్నది ఇదంతా.

మరి ఘాజీని ముంచింది ఎవరు?

ఇక్కడే జాగ్రత్తగా వినాలి. దీనికి మూడు జవాబులు ఉన్నాయి.

ఒకటి, మన నేవీ చెప్పేది. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జ్‌ల వల్ల మునిగింది.

రెండు, పాకిస్తాన్ చెప్పేది. ఘాజీ తను వేస్తున్న మైన్ తనకే తగిలి ప్రమాదవశాత్తు పేలిపోయింది.

మూడు, కొందరు నిపుణులు చెప్పేది. సబ్‌మెరైన్ నీళ్ళ కింద బ్యాటరీల మీద నడుస్తుంది. మన బైక్ బ్యాటరీ లాంటివే, కానీ చాలా పెద్దవి, వందల్లో ఉంటాయి. వాటిని చార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. అది సరిగ్గా బయటికి పోకుండా లోపల పేరుకుంటే చిన్న నిప్పురవ్వ చాలు. అలా లోపలే పేలి ఉండొచ్చు అంటారు.

ప్రొడక్షన్‌లో సర్వర్ క్రాష్ అయితే మేం రూట్ కాజ్ రిపోర్ట్ రాస్తాం. లాగ్స్ ఉంటాయి, ఏ నిముషంలో ఏమైందో కనిపిస్తుంది. ఇక్కడ లాగ్ రాయాల్సినవాళ్ళు 93 మందీ అందులోనే ఉండిపోయారు. అందుకే యాభై ఏళ్ళు దాటినా ఈ వాదన తెగలేదు.

నా షార్ట్‌లో నాలుగో జవాబు చెప్పాను చూడండి, ‘కుర్సురా ముంచింది’ అని, అది మాత్రం ఏ దేశమూ చెప్పలేదు. అది నా సొంత కవిత్వం.

ఆ కవిత్వం ఎక్కడి నుంచి వచ్చింది?

2017లో సంకల్ప్ రెడ్డి డైరెక్షన్‌లో, రానా హీరోగా ‘ఘాజీ’ సినిమా వచ్చింది. మంచి సినిమా, ఉత్తమ తెలుగు చిత్రంగా నేషనల్ అవార్డు కూడా వచ్చింది. అందులో ఎస్21 అనే భారత సబ్‌మెరైన్ నీళ్ళ కింద ఘాజీతో పోరాడి ముంచుతుంది. ఆ పోరాటం కల్పన. అది సినిమా, అలా చేసే హక్కు వాళ్ళకి ఉంది. తప్పు సినిమాది కాదు, దాన్ని హిస్టరీ అనుకున్న నాది.

విశాఖ వెళ్ళేసరికి స్మారకం అక్కడే, సబ్‌మెరైన్ అక్కడే, బుర్రలో సినిమా. మూడూ కలిపి ఒక కథ అల్లేశాను. అక్కడ నా పక్కన నిలబడినవాళ్ళలో కూడా ఇద్దరు ముగ్గురు ఇదే చెప్పుకుంటున్నారు, నాకు ఇంకా నమ్మకం కుదిరింది.

కుర్సురా నిజమైన కథ ఇది. సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969 డిసెంబర్ 18న మన నేవీలో చేరింది. పొడవు 91 మీటర్ల పైనే. 1971లో అరేబియా సముద్రంలో గస్తీ చేసింది. 31 ఏళ్ళు పనిచేసి 2001 ఫిబ్రవరి 27న రిటైర్ అయింది. తర్వాత దాన్ని ఒడ్డుకి లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపలికి వెళ్తే ఒక మనిషి ఇంకో మనిషిని దాటడానికి పక్కకి ఒరగాలి. డెబ్బై మందికి పైగా అందులో రోజులు, వారాలు బతికారు. కిటికీ ఉండదు, పగలూ రాత్రీ తెలియదు. ఘాజీని ముంచకపోయినా దాని విలువ ఏం తగ్గుతుంది చెప్పండి? 31 ఏళ్ళ సర్వీస్ చాలదా? నేను లేని గొప్ప తగిలించి, ఉన్న గొప్పని కనపడకుండా చేశాను.

ఇంకో చిన్న కరెక్షన్: నేవీ డే

డిసెంబర్ 4న నేవీ డే. ఘాజీ మునిగినందుకు జరుపుకుంటాం అని చాలామంది అనుకుంటారు. నేనూ అదే అనుకున్నా. తేదీ ఒకటే కావడం వల్ల వచ్చిన గందరగోళం అది. నేవీ డే ఆపరేషన్ ట్రైడెంట్ గుర్తుగా. 1971 డిసెంబర్ 4 రాత్రి మన చిన్న మిస్సైల్ బోట్లు నిపత్, నిర్ఘాత్, వీర్ కరాచీ వరకు వెళ్ళి దాడి చేశాయి. అది పడమర సముద్రంలో. ఘాజీ తూర్పున.

డిసెంబర్ 4న విశాఖ స్మారకం దగ్గర పూలమాల ఉంచి నివాళి అర్పిస్తారు. బీచ్‌లో నేవీ విన్యాసాలు కూడా చాలా ఏళ్ళు చూశాం, హెలికాప్టర్లు, కమాండోలు, చివర్లో ఓడలన్నిటికీ లైట్లు. 2022లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు కూడా విశాఖ వచ్చారు. మనం రీల్ తీసేది విన్యాసాలని. పొద్దున జరిగే నివాళిని ఎవరమూ తీయం.

జమ్మలమడుగులో ఒక సాయంత్రం

ఫోన్లో మాట్లాడాక నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. వరండాలో కూర్చోబెట్టి, వాళ్ళావిడ బొరుగులు, టీ ఇచ్చారు. తొంభైల చివర్లో ఆ స్మారకం దగ్గర నివాళి పరేడ్‌లో నిలబడిన మనిషి ఆయన.

నేను అడిగాను, ‘సార్, అది విజయ స్మారకం కదా, అక్కడ నిలబడినప్పుడు గర్వంగా అనిపించేదా?’ అని.

‘యూనిఫాం ఏసుకుంటే గర్వం ఉంటాది. కానీ బ్యూగిల్ ఊదినాక ఆ రెండు నిముషాలు గెలుపు గుర్తుకు రాదు నాయనా. పోయినోళ్ళే గుర్తుకొస్తారు’ అన్నారు.

‘ఎవరు సార్?’ అంటే, ‘కుక్రీ’ అన్నారు.

నాకు తెలియలేదు. నేవీ మీద షార్ట్ చేసినవాడిని, నాకు ఐఎన్ఎస్ కుక్రీ అంటే ఏంటో తెలియలేదు. మీలో కూడా చాలామందికి తెలిసి ఉండదు, ఎందుకంటే దాని మీద మన భాషలో పెద్ద సినిమా రాలేదు.

ఘాజీ మునిగిన ఐదు రోజులకే, 1971 డిసెంబర్ 9న, గుజరాత్ తీరం వైపు, డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన యుద్ధనౌక కుక్రీని టార్పెడోతో ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడని వదిలి రాలేదు, దాంతోపాటే వెళ్ళిపోయారు. ఆయనకి మహావీర చక్ర ఇచ్చారు. డయ్యూలో సముద్రం వైపు చూస్తూ కుక్రీ స్మారకం ఉంది, గాజు పెట్టెలో ఆ ఓడ మోడల్ పెట్టారు.

ఒకే యుద్ధం. ఒకే వారం. తూర్పున వాళ్ళ సబ్‌మెరైన్ 93 మందితో మన రేవు ముందు మునిగింది. పడమర మన ఓడ 194 మందితో మునిగింది. విశాఖలో విజయ స్మారకం, డయ్యూలో మరణ స్మారకం. ఒకటి చూసి ఇంకోటి తెలుసుకోకపోతే సగం కథే తెలిసినట్టు.

ఘాజీ ఇప్పుడు ఎక్కడుంది?

అక్కడే ఉంది. మీరు బీచ్‌లో మొక్కజొన్న పొత్తు తింటూ చూసే ఆ నీళ్ళలోనే, తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో. 2024 ఫిబ్రవరిలో వార్తలు వచ్చాయి, సబ్‌మెరైన్ ప్రమాదాల్లో మనుషుల్ని కాపాడటానికి మన నేవీ కొన్న లోతు సముద్ర వాహనం ఘాజీ శిథిలాన్ని గుర్తించిందని. చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోకుండా వదిలేశారని కూడా అందులో ఉంది.

నేను పెద్దాయనకి ఈ వార్త చూపించాను. ఆయనకి ముందే తెలుసు. ‘సమాధిని తవ్వరు కదా’ అన్నారు, అంతే.

నా షార్ట్‌లో ఘాజీ మునిగిన చోట ఒక నవ్వే ఎమోజీ, బూమ్ అనే సౌండ్ పెట్టాను. యుద్ధం చేసి వచ్చిన నేవీ శత్రువు సమాధిని గౌరవించి పక్కకి తప్పుకుంటుంటే, ఏసీ రూంలో ఎడిటింగ్ చేసే నేను ఎమోజీ పెట్టాను. నిజం చెప్పాలంటే కుర్సురా తప్పు కంటే ఇదే నన్ను ఎక్కువ గుచ్చింది.

సో, ఏం చేద్దాం?

ముందు నేను చేసింది చెప్తాను. ఆ షార్ట్ డిలీట్ చేద్దామనుకున్నా. పెద్దాయనే వద్దన్నారు. తీసేస్తే నాది మాత్రమే పోతుంది, షేర్ చేసినవాళ్ళ బుర్రలో తప్పు అలాగే ఉంటుంది. అందుకే ఆ వీడియో కింద పిన్ కామెంట్‌లో కరెక్షన్ రాశాను, ఈ ఎపిసోడ్ లింక్ పెట్టాను. మీరు అప్పుడు షేర్ చేసి ఉంటే, దయచేసి అదే గ్రూపులో ఇదీ షేర్ చేయండి. మా అమ్మ అయితే స్టేటస్ మార్చేసింది.

మొదట్లో వీరగల్లు సంగతి చెప్పాను కదా. మన పూర్వీకులు రాయి మీద ఒక మనిషిని చెక్కారు, గెలుపుని కాదు. విశాఖ స్మారకం మీద విజయం అని ఉన్నా, దాని ముందు నిలబడే నావికుడు మనుషుల్నే తలుచుకుంటాడని నాకు ఇప్పుడు తెలిసింది. డమ్మీ ఓడ అని తెలిసీ రాజ్‌పుత్ ఎక్కిన కుర్రాళ్ళు, కుక్రీలో పోయిన 194 మంది. ఈసారి మీరు ఆర్.కె. బీచ్‌కి వెళ్తే సెల్ఫీ దిగండి, తప్పేం లేదు. కానీ ఫోన్ జేబులో పెట్టి ఒక్క నిముషం అక్కడ నిలబడండి.

ఇంకోటి. మాజీ సైనికుడిని చూడటానికి విశాఖ దాకా పోనక్కర్లేదు. మన ఊళ్ళలోనే ఉన్నారు. బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీగా నిలబడిన అన్న, పొద్దున్నే గ్రౌండ్‌లో పిల్లలకి రన్నింగ్ నేర్పించే మామ, వీళ్ళలో ఎవరో ఒకరు పదిహేనేళ్ళో ఇరవై ఏళ్ళో సరిహద్దులో గడిపి వచ్చినవాళ్ళై ఉంటారు. ప్రతి ఏటా డిసెంబర్ 7న సాయుధ దళాల పతాక దినోత్సవం, 1949 నుంచి జరుగుతోంది. ఆ రోజు చిన్న జెండా ఇచ్చి విరాళం తీసుకుంటారు. ఆ డబ్బు మాజీ సైనికులకి, అమరుల కుటుంబాలకి వెళ్తుంది. కడపలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మీ ఇంట్లో, మీ వీధిలో మాజీ సైనికులు ఉండి పెన్షన్, పిల్లల స్కాలర్‌షిప్ లాంటి విషయాల్లో ఇబ్బంది పడుతుంటే, ఆన్‌లైన్ అప్లికేషన్ నింపడం వాళ్ళకి కష్టం, మనకి పది నిముషాల పని. నేను పెద్దాయన ఇంటి నుంచి వచ్చేముందు అదే చేశాను. ఆయన మనవరాలి అప్లికేషన్‌లో ఒక సర్టిఫికెట్ అప్‌లోడ్ అవ్వట్లేదు, ఫైల్ సైజు ఎక్కువైందంతే. తగ్గించి ఎక్కించాను.

మీ ఊళ్ళో వీరగల్లు ఉంటే ఫోటో తీసి పంపండి, ఊరి పేరు రాయండి. మీ ఇంట్లో మాజీ సైనికులు ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, వాళ్ళు చెప్పిన ఒక్క విషయం కామెంట్‌లో పెట్టండి. ఈ ఎపిసోడ్‌లో నేను ఏదైనా తప్పు చెప్పి ఉంటే అదీ రాయండి. ఈసారి ఫోన్ వచ్చేదాకా ఆగను, కామెంట్లు నేనే చదువుతాను.

ఉంటాను మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.